ఆకు కింద వెంట్రుక

“గట్టిగ పట్టురా బాలరాజ్,” అన్నాడు డాక్టర్ పరమేశ్వర్.

ఈ మాట ఒకటి! బాలరాజ్ ఎప్పుడు వదులుగా పట్టాడు గనక? బల్ల మీద పడుకున్నది యాచారం మేస్త్రీ కిష్టా. కడుతున్న ఇంటి సజ్జ మీంచి జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుని పొద్దున తొమ్మిదింటికే ఆటోలో వచ్చాడు. మత్తుసూది పడ్డాక మూలుగు తగ్గింది. బాలరాజ్ ఎడమచేత్తో అతని మోచేతిని బల్లకు అదిమాడు. కుడిచేత్తో బొటనవేలినీ పక్క రెండు వేళ్ళనూ కలిపి పట్టుకుని మెల్లగా, ఆగకుండా లాగాడు. ఒక్కసారి గుంజితే ఎముక కూర్చోదు, పక్కనున్న కండ చిట్లుతుంది. ఇది పుస్తకాలు చదివితే వచ్చే విద్య కాదు. ఊళ్ళో కట్లు కట్టిన బాపు, అంటే తండ్రి సోమయ్య, చేయి పట్టి నేర్పింది.

బల్లకు పైనా కిందా సగం గాజులా వంగి నిలబడి ఉంది ఎక్స్‌రే మిషన్. డాక్టర్ “షాట్” అనగానే, మూలన సీసపు అద్దం వెనక నిలబడ్డ అరుణ మీట నొక్కింది. తెర మీద కిష్టా మణికట్టు కనబడింది. దాన్ని పట్టుకున్న బాలరాజ్ వేళ్ళ ఎముకలు కూడా కనబడ్డాయి, గోళ్ళ దాకా. తన ఎముకలను తానే రోజుకు నలభై సార్లు చూసుకునే మనిషి ఇబ్రహీంపట్నం మొత్తంలో తానొక్కడేనని ఒకప్పుడు భార్య రమ దగ్గర గొప్పలు పోయేవాడు.

“ఇంకొంచెం. షాట్. జర పక్కకు. షాట్.”

ఎముక కూర్చుంది. ఒకప్పుడు ఎముక కూర్చుంటే వేలి కింద టక్కుమని తెలిసేది. ఈ మధ్య తెర వైపు చూసి తెలుసుకుంటున్నాడు. తెర ఉండగా వేలితో పనేముందని తనకు తానే చెప్పుకున్నాడు.

“వా అరుణా! పిక్చర్ అంటే గిట్లుండాలె,” అన్నాడు డాక్టర్. “గీత ఎంత సాఫ్‌గ కనవడుతుందో చూడు.”

బాలరాజ్ ఇంకా చేయి వదల్లేదు. సిమెంటు కట్టు పడేదాకా వదలకూడదు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఎముక కూర్చోబెట్టింది ఎవడు? చెమటలు కక్కింది ఎవడు? మెప్పు మాత్రం అద్దం వెనక చల్లగా నిలబడి మీట నొక్కిన పిల్లకు! ఆ మీట నిరుడు ఎండాకాలం దాకా బాలరాజ్ కాలి కిందే ఉండేది. ఎవరో తనిఖీకి వచ్చి, డిప్లొమా ఉన్న మనిషే మిషన్ నడపాలన్నారు. మహేశ్వరం నుంచి ఈ అరుణ దిగింది. ఇరవై నాలుగేళ్ళు ఉంటాయేమో. దానికి కుర్చీ, దానికి సీసం కోటు, కోటు జేబులో దాని పేరు రాసిన బ్యాడ్జి. బాలరాజ్ ఆమెను మేడం అనాలట. ఆమె మాత్రం “అన్నా” అని పిలుస్తుంది. ఆ పిలుపు వింటే అతనికి ఇంకా మండుతుంది.

దవాఖానలో ఎక్స్‌రే కిరణాలను ఆపే సీసం కోట్లు రెండే. ఒకటి డాక్టర్‌ది, ఒకటి అరుణది. మూడోదాన్ని ఎవరో మడతపెట్టి పెడితే లోపలి సీసం పగిలింది. కొత్తది తెప్పిస్తానని డాక్టర్ అంటూనే ఉన్నాడు. తెప్పించమని బాలరాజ్ కూడా గట్టిగా అడగలేదు. అంత బరువు మీదేసుకుని ఎముక పట్టేదెట్లా? బాపు ఒంటి మీద అంగీ కూడా లేకుండా తొడ ఎముకలు కూర్చోబెట్టాడు.

మధ్యాహ్నం రెండింటికి కొరియర్‌లో ఒక కవరొచ్చింది. అది చదువుతూనే డాక్టర్ ముఖం మాడిపోయింది. అరుణను లోపలికి పిలిచాడు. బాలరాజ్ కట్టు గదికి పోవాల్సినవాడు పోకుండా తలుపు దగ్గర దూది బుట్ట సర్దుతూ నిలబడ్డాడు.

“ఏప్రిల్, మే, జూన్, మూడు నెలలకు నీ బ్యాడ్జి మీద పంతొమ్మిది పాయింట్లు వచ్చినయ్,” అన్నాడు డాక్టర్. “ఏడాది మొత్తానికి ఇరవై దాటొద్దు. దాని ముందు మూడు నెలలకు నీకెంత? పాయింట్ టూ. సున్నా లెక్క. ఇప్పుడు పంతొమ్మిది! కోటు ఇప్పి పక్కన వెట్టి ఆడుకున్నవా ఏంది?”

మిషన్ కిరణాలు ఒంటి మీద ఎంత పడ్డాయో పట్టి ఉంచుకునే బిళ్ళ ఆ బ్యాడ్జి. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది. మూడు నెలలకోసారి దాన్ని లాబ్‌కు పంపితే వాళ్ళు చదివి లెక్క చెబుతారు.

“లేదు సార్. కోటు లేకుంట నేనొక్క షాట్ గూడ కొట్టలే. ఒట్టు సార్,” అంది అరుణ.

“ఒట్టు వెడితే లాబోళ్ళు ఇంటరా? నా లైసెన్స్ మీదికి తెచ్చినవ్ గదనే! ఎంక్వైరీకి ఎల్లుండి సిటీ నుంచి రేడియేషన్ ఆఫీసర్ దివాకర్ సార్ వస్తుండట. అప్పటిదాక మిషన్ గదిల అడుగు వెట్టకు. రిజిస్టర్ కాడ కూసో.”

అరుణ చేయి కడుపు మీదికి పోయింది. పొద్దున టిఫిన్ తినలేదేమో అనుకున్నాడు బాలరాజ్. ఆమె గుడ్ల నీళ్ళు కుక్కుకుంటూ అతన్ని దాటి బయటికి వెళ్ళింది. బాలరాజ్ కడుపు చల్లబడింది. చాలా నెలల తర్వాత ఆ పూట అన్నం రుచిగా అనిపించింది.

ఎందుకు అనిపించదు? చేసింది అతనే. మార్చి ఆఖరున కొత్త బ్యాడ్జీలు వచ్చిన రోజు డాక్టర్ అరుణతో, “లెక్క ఎక్కువొస్తే నిన్ను మిషన్ కాడికి రానియ్యరు, పైలం,” అన్నాడు. ఆ మాట బాలరాజ్ చెవిలో పడింది. బ్యాడ్జీలు రెండొస్తాయి. ఒకటి అరుణది. రెండోదాన్ని ఎవరూ పెట్టుకోరు. పోల్చి చూసుకోవడానికట, మిషన్‌కు దూరంగా ఆఫీసు బీరువాలో ఊరికే పడుంటుంది. పొద్దున్నే దవాఖాన తాళం తీసేది బాలరాజే. బీరువాలోది తెచ్చి అరుణ కోటు లోపలి జేబులో పెట్టాడు. పైనుంచి తడిమి చూసుకుంటే బిళ్ళ తగులుతుంది, అంతకన్నా ఎవరు చూస్తారు? అరుణ పేరున్నదాన్ని తన చొక్కా జేబులో వేసుకున్నాడు. జూన్ ఆఖరున మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టేశాడు. మిషన్ గదిలోనే ఎక్కడైనా దాద్దామనుకున్నాడు గానీ ఊడ్చే బుగ్గమ్మ కంట పడుతుందని భయం. అయినా తన జేబు కన్నా మిషన్‌కు దగ్గరగా ఉండే చోటు ఆ గదిలో ఇంకోటి లేదు. ఈ ముక్క తట్టినప్పుడు బాలరాజ్ తన తెలివికి తానే మురిసిపోయాడు.

బుధవారం పొద్దున మిషన్ మీట మళ్ళీ బాలరాజ్ కాలి కిందికి వచ్చింది. నడపకూడదని కాగితం ఉన్నా డాక్టర్ కళ్ళు మూసుకున్నాడు. సాగర్ రోడ్డు మీద బండి జారిన కాలేజీ పిల్లవాడి మోకాలు, మెట్ల మీద కూలబడిన ముసలమ్మ తుంటి. బాలరాజ్ చేతుల్తో పట్టుకుంటూనే కాలితో మీట నొక్కాడు. ఒక్కడే ఇద్దరి పని. చూశావా సార్, ఇన్నాళ్ళూ ఆ పిల్ల లేకపోతే ఏమయ్యేది అని కళ్ళతోనే అడిగాడు.

డాక్టర్ తెర వైపు చూసి మూతి విరిచాడు. “ఏందిరా ఇది, మబ్బు మబ్బుగుంది. అరుణ మిషన్‌ను ఎంత నంబరు మీద వెడుతుండె? పోయి అడుగు.”

పోయి అడగాలట! బాలరాజ్ పోలేదు. అడిగివచ్చినట్టు ఒక నిమిషం వరండాలో నిలబడి, తిరిగొచ్చి, తోచిన అంకె పెట్టాడు. బొమ్మ ఇంకా పాడయింది. మోకాలికి రెండు షాట్లతో అయ్యేది తొమ్మిది పట్టింది. తొమ్మిదింటిలోనూ అతని వేళ్ళు తెర మీద ఉన్నాయి.

పదకొండింటికి అతను కట్టు గదిలో సిమెంటు పట్టీలు నీళ్ళలో నానబెడుతుంటే అరుణ వచ్చి తలుపు దగ్గరికి వేసింది. రాత్రంతా ఏడ్చినట్టుంది, కళ్ళు వాచిపోయాయి.

“అన్నా, నేనెన్నడన్న కోటు ఇప్పంగ చూసినవా?” అంది.

“నాకేమెరుక మేడం?”

“రోజూ గదిల ఉండేది మనం ముగ్గురమే. సార్ తెర దిక్కు జూస్తడు. నువ్వైతే నన్ను చూస్తవ్ గద. ఒక్క మాట చెప్పన్నా రేపు దివాకర్ సార్‌కు. అరుణ కోటు ఇప్పలే అని.”

బాలరాజ్ పట్టీని పిండాడు. సున్నం లాంటి తెల్లని నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారాయి. “నేను మనుషుల ఎముకలు పట్టుకుంటనా, నీ కోటు చూస్కుంట కూసుంటనా?”

 అరుణ నేల వైపు చూస్తూ చెప్పింది. “నాకు నాలుగో నెలన్నా. జర గట్టివడ్డంక సార్‌కు జెప్పి, మిషన్ కాడి నుంచి తప్పుకుందామనుకున్న. ఈ లెక్క సంగతి మా అత్తమ్మకు తెలిసింది. కడుపుల పిల్ల మీద కిరణాలు వడ్డయట, అవిటిది పుడ్తదట, తీయించేద్దామంటుంది. రేపు తానే వస్తనంది. ఈడికెళ్ళి ఇటే దవాఖానకు తీస్కపోతదట.”

బాలరాజ్ చేతిలోని పట్టీ గట్టిపడిపోయింది. అది ఇంక పనికిరాదు. పక్కన పారేసి ఇంకోటి నానబెట్టాడు. ఆ లెక్క ఆమెది కాదని చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. కానీ ఆ వెంటనే ఇంకో ఆలోచన వచ్చింది, అది ముందుదాని కన్నా గట్టిది. ఈ పిల్లకు ఏది చూసినా ఎంత తొందర! ఇరవై మూడుకు ఉద్యోగం, ఇరవై నాలుగుకు పిల్ల, ఒక్క కన్నీటిచుక్క రాల్చితే ఊరంతా వచ్చి తుడవాలి. తనకు ఎవడు తుడిచాడు?

“నన్ను నడుమల గుంజకు మేడం,” అన్నాడు.

అరుణ తలుపు తీసుకుని పోయింది. మేడం అనే మాట తప్పుగా పలికానేమో అన్నట్టు బాలరాజ్ చాలాసేపు దాన్నే నోట్లో నానుస్తూ ఉండిపోయాడు.

సాయంత్రం ఇంటికి పోయేసరికి రమ జొన్నరొట్టెలు చేస్తోంది. అతను కాళ్ళు కడుక్కుని పొయ్యి పక్కనే కూలబడ్డాడు. అంగీ గుండీలు విప్పుకోవడానికి వేళ్ళు తిప్పలు పడ్డాయి. గోళ్ళ మీద పొడుగునా గీతలు పడి, అంచులు పెచ్చులూడుతున్నాయి. వేళ్ళ మీద ఒకప్పుడు వెంట్రుకలుండేవి, ఇప్పుడొక్కటి లేదు. చర్మం నున్నగా, పలచగా మెరుస్తోంది. చూపుడు వేలి కణుపు దగ్గర చిన్న పగులు రెండు నెలలుగా మానలేదు.

“సిమెంటు పడ్తలేదు నీకు. రబ్బరు తొడుగులు ఏసుకో అంటే ఇనవు,” అంది రమ. ఈ ఇంట్లో అతని చేతుల సంగతికి వైద్యం ఇంతే. సిమెంటు మీద నెపం పెట్టి వెన్న రాయడం.

“ఆ పిల్లను రిజిస్టర్ కాడ కూసోవెట్టిండు సారు,” అన్నాడు బాలరాజ్. “మిషన్ మళ్ళ నాకే ఇచ్చిండు.”

“ఏం తప్పు జేసింది పాపం?”

“పాపమేంది? ఎవ్వరికి జూసినా ఆమే పాపం!”

కసిగా అంటూ పెనం మీది రొట్టెను చేత్తోనే తిరగేయబోయాడు. మాటల ధ్యాసలో వేళ్ళు రొట్టె దాటి పెనం అంచు మీద ఆగాయి. అక్కడే ఆగి ఉన్నాయి. రమ కెవ్వుమంది, అతని చేయి పట్టి అవతలికి లాగింది. రెండు వేళ్ళ కొసలు తెల్లగా పొంగాయి.

“నొస్తలేదా నీకు?”

“పనిజేసే చేతులకు నొప్పేంది? మొద్దువడ్డయ్,” అన్నాడు బాలరాజ్. అంటున్నప్పుడు కాస్త గర్వంగానే అన్నాడు.

రమ వేళ్ళను నీళ్ళ గిన్నెలో ముంచి పట్టుకుంది. “మొద్దువడ్డయా? లగ్గమైన కొత్తల ఈ చేతులతోనే గద, మోదుగాకు కింద నా వెంట్రుక వెట్టి ఏడుందో చూపెడితివి. ఒక్కాకు గాదు, రెండాకుల కింద. నేను ఎట్ల నవ్విననో!”

సోమయ్య శిష్యరికం ఆ ఆకుతోనే మొదలయ్యేది. ఆకు కింద ఆడమనిషి తల వెంట్రుక పెట్టేవాడు. కళ్ళు మూసుకుని పైనుంచి వేలితో తడిమి అదెక్కడుందో చెప్పాలి. చెప్పలేని వేలు ఎముక మీద పెట్టొద్దనేవాడు. బాలరాజ్ పన్నెండేళ్ళకే రెండాకులు దాటాడు.

“ఇప్పుడెందుకవన్నీ,” అని అతను చేయి వెనక్కి తీసుకున్నాడు.

గురువారం పదింటికి దివాకర్ వచ్చాడు. యాభై ఏళ్ళ బక్కపలచటి మనిషి. గొంతు పెంచడు, కుర్చీలో కూర్చోకముందే గది కొలతలు చూసుకున్నాడు. మిషన్ గదిలోనే ఒక బల్ల వేయించుకుని కాగితాలు పరిచాడు. డాక్టర్ అతని పక్కన, అరుణ ఎదుట కూర్చున్నారు. అరుణ అత్త అనంతమ్మ ఆగమన్నా ఆగక లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. చేతిలో సంచీ ఉంది. అందులో ఆసుపత్రిలో ఉండటానికి కావలసిన చీరా తువ్వాలూ ఉన్నాయని చూడగానే తెలుస్తోంది. బాలరాజ్‌ను ఎవరూ పిలవలేదు. బల్ల జరపడానికి వచ్చి మిషన్ పక్కనే నిలబడిపోయాడు.

“భయపడకమ్మా,” అన్నాడు దివాకర్. “ఈ లెక్క నీదే అయినా, ఇంతదానికి కడుపు తీయించుకోవాలని ఏ డాక్టరూ చెప్పడు.”

“అందరు గట్లనే అంటరు సారూ,” అంది అనంతమ్మ. “రేపు అవిటిది పుట్టినంక మీరొచ్చి సాకుతరా? కిరణం వడితే ఏమైతదో జెప్పుండ్రి ముందు.”

దివాకర్ కళ్ళజోడు తీశాడు. “కంటికి కనబడదమ్మా. పడినప్పుడు మంట ఉండదు, నొప్పి ఉండదు. పోతూ పోతూ ఒంట్లో కణాలను లోపల తెంపుకుంటూ పోతది. తెగినవాటిని ఒళ్ళు మళ్ళీ అతుకుతది. తక్కువైతే మంచిగనే అతుకుతది. రోజూ తెగుతుంటే కొన్ని తప్పుగా అతుక్కుంటయి. అవే తర్వాత పుండ్లయితయి, గడ్డలయితయి. మన ఒంట్ల ఎప్పుడూ కొత్తగా పుట్టేవి ఉంటయి గదా, చర్మం, రక్తం, కడుపులో పిల్ల. వాటికే తొందరగా తగుల్తది. కంట్లో పొర కూడా వస్తది.”

అనంతమ్మ సంచీని గుండెకు అదుముకుంది. అరుణ బల్ల అంచును చూస్తోంది. తప్పుగా అతుక్కోవడమంటే ఏమిటో బాలరాజ్‌కు ఎవరూ చెప్పక్కర్లేదు. అట్లాంటి ఎముకలను మళ్ళీ విరిచి కూర్చోబెట్టిన బాపును చూశాడు.

“నాకొకటి అర్థమైతలేదు,” దివాకర్ కాగితం మీద వేలు పెట్టాడు. “ఇది కోటు లోపలున్న బ్యాడ్జి లెక్క కాదు. అద్దం వెనక నిలబడ్డోళ్ళ లెక్క అసలే కాదు. మిషన్ ముందు, బల్లను ఆనుకుని, కోటు లేకుండా దినమంతా నిలబడి చేస్తే వచ్చే లెక్క ఇది. మూడు నెలలు, ఒక్క రోజు తప్పకుండా. ఇంత పని చేసినోళ్ళను నేను సిటీ దవాఖానల్లో కూడా తక్కువ చూసిన.”

“చేసింది సార్,” అన్నాడు డాక్టర్. గబుక్కున అన్నాడు. తన లైసెన్స్ గట్టెక్కే దారి ఏదో ఆ మాటల్లో అతనికి కనబడింది. “పనంటే పానం ఇస్తది సార్ అరుణ. నేను వద్దన్నా పేషంటు కాడికొచ్చి తనే పట్టుకునేది. ఆమె వచ్చినంకనే మా కాడ ఎముకలు ఇంత మంచిగ కూసుంటున్నయ్. మూడు నెలల రెండు వందల కేసులు! అంత కష్టవడ్డది పాపం, కోటు ధ్యాస లేకపోవచ్చు. రాసుకోండి సార్.”

దివాకర్ కలం తీశాడు.

 రెండు వందల కేసులు! కిష్టా మణికట్టూ, ముసలమ్మ తుంటీ, మోకాళ్ళూ, తొడలూ, భుజాలూ, అన్నీ ఆ పిల్ల ఖాతాలోకి పోతున్నాయి. మీట పోయింది, మెప్పు పోయింది, చివరికి చేతుల కష్టం కూడా ఆమె పేరునే కాగితం మీద ఎక్కుతోంది. ఇంతకన్నా ఘోరం ఉంటుందా?

“ఆమె చెయ్యలే!” అని అరిచాడు.

అందరూ తిరిగి చూశారు.

“ఒక్క ఎముక గూడ ఆమె పట్టలే. అద్దం అవుతలికెళ్ళి ఒక్కనాడు ఇవుతలికి రాలే. కోటు ఇప్పలే. పట్టింది నేను. ఈడ, గిదే జాగల నిలవడి, పొద్దుగాల్నుంచి పొద్దుగూకేదాక నేను పట్టిన. ఆ బ్యాడ్జి నా జేబుల ఉండె. నేనే మార్చిన. ఆమె కోటుల ఉన్నది బీరువాలది. ఆ పంతొమ్మిది నాది సార్. నాది! నా పేరు రాయి.”

చివరి మాట అనేశాక తాను ఏమన్నాడో తనకు తెలిసింది. అప్పటికే నోరు దాటిపోయింది.

దివాకర్ కాగితాలు తిరగేశాడు. బీరువాలో ఉండాల్సిన బ్యాడ్జి లెక్క వెతికి, వేలితో అరుణకు చూపించాడు. “అయితే నీ కోటు జేబులో మూడు నెలలు ఉన్నది ఇదన్నమాట. చూడమ్మా, దాదాపు సున్నా. నీ పిల్లకు ఏం కాలేదు. ఇంటికి పో.”

అరుణ లేవలేదు. కుర్చీలోనే వంగిపోయి వెక్కి వెక్కి ఏడ్చింది. తర్వాత తల ఎత్తి బాలరాజ్‌ను చూసింది. “అన్నా అన్న గద నిన్ను,” అంది. అంతే అంది.

అనంతమ్మ ఊరుకోలేదు. సంచీ కింద పడేసి మీది మీదికి వచ్చింది. “నా కోడలి కడుపు మీదికి తెస్తివి గదరా! ఇయ్యాల తీయించేద్దునురా, నీ వల్ల చేతులార తీయించేద్దును! నీ చేతులు పడిపోను! నీ చేతులు...”

ఆమె చూపు బల్ల అంచు మీద ఆనించిన అతని చేతుల మీద పడింది. పెచ్చులూడే గోళ్ళు, మెరిసే చర్మం, మానని పగులు, రాత్రి కాలి పొంగిన వేళ్ళు. అనంతమ్మ తిట్టు మధ్యలో ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి జరిగింది.

దివాకర్ కూడా చూశాడు. లేచి వచ్చి ఆ చేతులను కిటికీ వెలుగులోకి తిప్పాడు. “ఎన్నేండ్లయింది ఈ పని?”

“తొమ్మిదేండ్లు.”

“ఈ పుండు?”

“రెండు నెలలు. సిమెంటు పడ్తలేదు.”

“సిమెంటు కాదు,” అన్నాడు దివాకర్. “జేబులో ఉన్న బిళ్ళకే పంతొమ్మిది వచ్చింది. అది ఛాతీ మీద, పక్క నుంచి చెదిరి వచ్చిన కిరణం. నీ చేతులు కిరణం నడిమధ్యల ఉంటయి. వాటి లెక్క ఏ బ్యాడ్జీ రాయలేదు.” డాక్టర్ వైపు తిరిగాడు. “ఈయనకు బ్యాడ్జి ఎందుకు లేదు? కోటు ఎందుకు లేదు?”

“హెల్పర్ సార్ వాడు,” అన్నాడు డాక్టర్ పరమేశ్వర్.

“హెల్పరో డాక్టరో మిషన్‌కు ఎరుకనా సార్?”

 దివాకర్ మళ్ళీ కూర్చుని కొత్త కాగితం తీశాడు. “పూర్తి పేరు చెప్పు. తండ్రి పేరు గూడ.” బాలరాజ్ చెప్పాడు. దివాకర్ విడివిడిగా, పెద్ద అక్షరాలతో రాశాడు. రక్తం పరీక్షకు, చర్మం డాక్టర్‌కు, కళ్ళకు విడివిడిగా చీటీలు రాసిచ్చాడు. వేలి మీది పుండులోంచి చిన్న ముక్క కోసి చూస్తారట, ఆలస్యం చేయొద్దట. నీ పేరు మీద బ్యాడ్జి తెప్పిస్తామన్నాడు. అయితే ఇక మిషన్ గదిలోకి రావద్దన్నాడు.

ఏడాదిగా బాలరాజ్ కోరుకున్నది ఆ కాగితమే. పేరు దాని మీద ఉంది. అతను బల్లకు ఇవతలి నుంచి దాన్ని తలకిందులుగా చూస్తూ నిలబడ్డాడు.

మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా ఇంటికొచ్చేశాడు. బస్టాండ్ దగ్గర ఆగి మోదుగాకు విస్తళ్ళ కట్ట ఒకటి కొన్నాడు. ఎందుకని రమ అడిగితే చెప్పలేదు. చీటీలు ఆమె ముందు పెట్టాడు. తాను చేసిన పని కూడా చెప్పాడు, ఏదీ దాచలేదు. రమ మొదట నోటికొచ్చినట్టు తిట్టింది. ఆడపిల్ల ఉసురు పోసుకుంటావా అని ఏడ్చింది. ఏడుస్తూనే చీటీలు ఒక్కొక్కటీ తీసి, రేపు ముందు ఏ దవాఖానకు పోవాలో అడిగింది.

“రేపటి సంగతి రేపు,” అన్నాడు బాలరాజ్. “ముందు ఒక వెంట్రుక ఇయ్యి.”

రమకు అర్థమైంది. వద్దంది. అతను వినలేదు. విస్తరికి కుట్టిన పుల్ల తీసి ఒక ఆకును విడదీశాడు. రెండు కాదు, ఒక్కటే. గడప ముందు ఇంకా మంచి వెలుగుంది. చాప మీద కూర్చుని గోడ వైపు తిరిగి కళ్ళు మూసుకున్నాడు.

రమ జడ కొసలోంచి పొడవాటి వెంట్రుక తెంపి, బండ మీద సాఫీగా పరిచి, పైన ఆకు వేసింది. అతని మణికట్టు పట్టుకుని ఆకు మీద పెట్టింది.

బాలరాజ్ చూపుడు వేలితో మొదలుపెట్టాడు. ఈనె పక్క నుంచి అంచు దాకా, మళ్ళీ అంచు నుంచి ఈనె దాకా. బాపు చెప్పినట్టు ఊపిరి బిగబట్టి, బరువు వేయకుండా. తర్వాత నడిమి వేలు పెట్టాడు. తర్వాత ఎడమచేయి. నుదుటి మీద చెమట పట్టింది. మళ్ళీ కుడి చూపుడు వేలు పెట్టి, ఆకు నడుమ ఒక చోట ఆగాడు. ఏదైనా తెలుస్తుందేమోనని చాలాసేపు ఆగాడు.

ఒక్కసారిగా అతని ముఖం తేటపడింది. కళ్ళు తెరవకుండానే చిన్నగా నవ్వాడు.

“నువ్వింక వెట్టనే లేదు గద రమా,” అన్నాడు. “జల్ది వెట్టు.”

రమ ఆకు వైపు చూసింది. వెంట్రుక కొసలు రెండూ ఆకు అంచులు దాటి బండ మీద కనబడుతున్నాయి. అతని వేలు సరిగ్గా దాని మీదే ఉంది.